ఏడో బేలు

నన్ను నా జీవితంలో ఒక్కసారే కొట్టారు. కొట్టినవాళ్ళు నలభై మంది దాకా ఉంటారు, అందరూ ఆడవాళ్ళే. కుడి భుజం వెనక చిన్న గుంట ఇప్పటికీ ఉంది. స్నానం చేసేటప్పుడు వేలికి తగులుతుంది. ఎడమ పాదం మీద అరచేయంత మేర చర్మం నున్నగా, వేరే రంగులో ఉంటుంది. ముందు పళ్ళలో ఒకటి కట్టుడు పన్ను. ఎవరైనా అడిగితే స్కూటరు మీంచి పడ్డానని ఇన్నేళ్ళూ చెబుతూ వచ్చాను.

ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి నాకు డైరీ రాసే అలవాటు. రోజుకో పేజీ. లేచిన వేళ, వాన పడిందా లేదా, కాలవకి నీళ్ళు వదిలారా, ఏ ఊరు వెళ్ళాను, ఏం చూశాను, దేని మీద సంతకం పెట్టాను. రిటైరై రామచంద్రపురంలో స్థిరపడ్డాక వాటన్నిటికీ అట్టలు వేసి, ఏడాది వారీగా బీరువాలో సర్దాను. మొన్న తొంభైల చివరినాటి పుస్తకం తీసి నన్ను కొట్టిన మంగళవారం పేజీ చూశాను. రెండే వాక్యాలున్నాయి. "నరసాపురం వైపు లేసు తనిఖీ. సాయంత్రం కాయితం ఇచ్చాను." అందులో అబద్ధం లేదు. జరిగింది మాత్రం లేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ముందు నా పని గురించి చెప్పాలి. మనలాంటి దేశాల నుంచి వచ్చే కొన్ని సరుకుల మీద డబ్బున్న దేశాలు దిగుమతి సుంకం వదిలేసే ఏర్పాటు ఒకటి ఉండేది. లేసు విషయంలో దానికో షరతు: అది చేత్తో అల్లినదై ఉండాలి, మన దగ్గరే అల్లినదై ఉండాలి. ఆ సంగతి సర్కారు తరఫున ఒకడు కళ్ళారా చూసి, కాయితం మీద సంతకం పెట్టి, సీలు వేయాలి. ఆ ఒకడిని నేను. కాయితం సరుకుతో పాటు ఓడెక్కితే అవతలి రేవులో సుంకం లేదు. కాయితం లేకపోతే పూర్తి సుంకం. అప్పుడు అక్కడి కొనుగోలుదారు సరుకే వద్దంటాడు. వద్దంటే ఇక్కడ షావుకారు పల్లెలకి నూలు పంపడం ఆపేస్తాడు. నూలు ఆగితే నరసాపురం చుట్టుపక్కల అరుగుల మీద కూచుని లేసు అల్లే ఆడవాళ్ళ చేతులు ఖాళీ.

వాళ్ళు దాన్ని బీదోళ్ళ కాయితం అనేవాళ్ళు. నేను స్కూటరు దిగగానే ఒకావిడ మరొకావిడతో అనేది: "వచ్చారమ్మా, మన బీదరికానికి సంతకం పెట్టేవారు." అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి.

మొదట్లో భూతద్దం పట్టుకెళ్ళేవాణ్ణి. అది చూసి అతుకులావిడ నవ్వింది. లేసుపనిలో ఒకరు పువ్వులు అల్లుతారు, ఇంకొకరు ఆ పువ్వులన్నీ కలిపి బల్లగుడ్డగానో దుప్పటిగానో అతుకుతారు. అతుకుపని అందరికీ రాదు. అక్కడ లేసు ఎగుమతి చేసే ఒక షావుకారు దగ్గర అతుకుపనికి ఆవిడే పెద్ద. నలభై అయిదేళ్ళుంటాయి, సన్నగా, పొడుగ్గా ఉండేది. ఎవరితో మాట్లాడుతున్నా చేతిలో సూది ఆగేది కాదు.

"అద్దమెందుకండి? తిరగేసి చూడండి," అంది. ఒక పువ్వు నా అరచేతిలో బోర్లా పెట్టింది. "అల్లడం అయ్యాక దారం కొస మిగులుద్ది కదండి. దాన్ని వెనక కుట్లలోకి దూర్చి దాచేత్తాం. మా ఊళ్ళో మూడు కుట్లు, అవతలి ఊళ్ళో రెండు. పక్క లంకలో అయితే దూర్చి పంటితో కొరుకుతారు. మిషనుకి కొస దాచుకోవడం రాదండి. దానికి సిగ్గెక్కడిది?"

ఆ మాట ఆరోజు డైరీలో ఉంది. అప్పటి నుంచి భూతద్దం ఇంట్లోనే వదిలేశాను. ప్రతి సరుకులోనూ నాకు తోచిన మూడు బేళ్ళు, అంటే గోనెలో బిగించి కట్టిన మూటలు, విప్పించి, గుడ్డలు తిరగేసి, కొసలు వెతికి సంతకం పెట్టేవాణ్ణి. ఎన్నో ఏళ్ళు అలా గడిచాయి. నన్ను ఎవరూ మోసం చేయలేరని నాకో నమ్మకం ఏర్పడింది.

షావుకారు గోడౌను కాలవ గట్టున ఒక పాత బియ్యం మిల్లు. ముందు పెద్ద సిమెంటు కళ్ళం. ఒకప్పుడు ధాన్యం ఆరబోసిన చోట ఇప్పుడు గంజిపెట్టిన లేసు చెక్కలకి బిగించి ఆరబెట్టేవాళ్ళు. ఓ పక్క రాళ్ళపొయ్యి మీద గుండిగలో గంజి ఎప్పుడూ కాగుతూ ఉండేది. గోడౌనుకి ఇనప షట్టరు. ఆ మంగళవారం నూలు పంచే రోజు. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఉదయం నుంచే కళ్ళం మీద కూచుని ఉన్నారు. లారీ రోడ్డు మీద ఆగి ఉంది. అది ఆ సాయంత్రం బయల్దేరితేనే మద్రాసులో ఓడకి సరుకు అందుతుంది. ఆ సరుకు వెళితేనే కొత్త నూలు. ఈ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

ఇరవై నాలుగు బేళ్ళు. మొదటిది విప్పించాను, బాగుంది. పదిహేనోది విప్పించాను, బాగుంది. ఏడోది విప్పించాను. పైన నాలుగు వరసలు చేతిపనే. అయిదో వరస నుంచి అంచు లేసు వచ్చింది. తిరగేశాను. కొస లేదు. ఇంకోటి తిరగేశాను. లేదు. పదహారు చూశాను. ఒక్కదానికీ దాచుకున్న కొస లేదు. అంతా యంత్రం మీద నేసి, మూరల్లెక్కన కోసినది.

గోడౌను చూసేది షావుకారు బావమరిది. ముప్ఫై ఏళ్ళవాడు, చొక్కా ఇస్త్రీ నలగనిచ్చేవాడు కాదు.

"ఇదెక్కడిది?" అన్నాను.

"మన ఊళ్ళోదేనండి."

"కొస ఏదీ?"

వాడు నా మొహంలోకి కాకుండా నా చెప్పుల వైపు చూశాడు. ఈలోగా షావుకారు వచ్చాడు. విషయం అర్థమై బావమరిది వైపు ఒక్క చూపు చూసి, నా పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"ఒక్క బేలేనండి. ఆర్డరు పెద్దది, అందలేదు. మావాడు తొందరపడ్డాడు. తీసి అవతల పెట్టించేత్తాను. ముందు టిఫిను చేద్దురుగాని."

ఆయన అన్నదానిలో ఒక్క ముక్క సరైనది. బేళ్ళన్నీ విప్పించి, యంత్రం లేసున్నవి తీసేయించి, మిగిలిన వాటికి నంబర్ల వారీగా కాయితం ఇవ్వడానికి నాకు అధికారం ఉంది. దానికి నాలుగు గంటలు పడుతుంది. కానీ నాకు అప్పుడు ఆ నాలుగు గంటలు కనపడలేదు. వెనక సంతకం పెట్టిన సరుకులన్నీ కళ్ళ ముందు కదిలాయి. వాటిలో ఎన్ని ఏడో బేళ్ళు నా చేతుల మీదుగా వెళ్ళిపోయాయో. ఆ టిఫిను మాట ఒకటి. చెవులు వేడెక్కాయి. తనిఖీ నివేదిక మీద, బేళ్ళ నంబర్లు రాయవలసిన చోట, ఒకే వాక్యం రాశాను: "ఈ సరుకు చేతిపని కాదు. కాయితం నిరాకరించడమైనది." సంతకం పెట్టాను.

కోపంతో నేను చేసిన సంతకం ఆ ఒక్కటే.

షావుకారు నివేదిక చదివాడు. ఆ కాయితం పట్టుకుని కళ్ళం మీదికి వెళ్ళాడు. నేను షట్టరు కింద నిలబడి చూస్తున్నాను.

"అమ్మా, ఇవాళ నూలు లేదు. ఇకముందు కూడా ఉండదు. అయ్యగారు రాశారు, వినండి. మీరు అల్లింది చేతిపని కాదంట. ఇరవై నాలుగు బేళ్ళూ కాదంట."

నూలు లేదన్న మాట వాళ్ళు అంతకుముందూ విన్నారు, భరించారు. చేతిపని కాదన్న మాట ఎన్నడూ వినలేదు.

ముందు లేచింది ఒక ముసలావిడ. నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ నా మొహం మీదికి చాపింది. చూపుడువేళ్ళు రెండూ కొస దగ్గర పక్కకి ఒంగిపోయి ఉన్నాయి.

"ఇవేంటయ్యా? మిషన్లా?"

"అది కాదమ్మా, నేను చెప్పేది..."

ఆవిడ అదే చేత్తో నా చెంప మీద కొట్టింది. పన్ను అప్పుడే కదిలింది. తరవాత ఎవరు ఎక్కడ కొట్టారో వరస చెప్పలేను. లేసు బిగించే చెక్కలతో కొట్టారు. చెప్పులతో కొట్టారు. జుట్టు పట్టుకుని కళ్ళం మీదికి ఈడ్చారు. కళ్ళజోడు పగిలి కింద చప్పుడైంది. దాన్ని ఎవరో తొక్కారు. "మా కళ్ళు పోయేలా అల్లాం, నీ కళ్ళు పోనూ," అని ఒక గొంతు. "బీదరికం కూడా అబద్ధమంట్రా నీకు," అని ఇంకో గొంతు. మోకాళ్ళ మీద లేవబోయాను. భుజంలో ఏదో దిగింది. లేసు సూది. దాని కొన కొక్కెంలా వంగి ఉంటుంది; లోపలికి తేలిగ్గా పోతుంది, బయటికి రాదు. గుచ్చినావిడ వెనక్కి లాగింది. నేను అరిచిన అరుపు రోడ్డు మీద లారీ డ్రైవరు దాకా వినిపించిందట. ఆయన దిగి రాలేదు. ఎవరో కాడగరిటెతో గంజి ముంచి నా కాళ్ళ మీద పోశారు. ఎడమ చెప్పు లోపలికి జారి అక్కడే ఉండిపోయింది.

షావుకారు మెట్టు మీద నిలబడి చూస్తూనే ఉన్నాడు.

అతుకులావిడ వెనక కొట్టంలో ఇస్త్రీ దగ్గర ఉండి ఈ గోల విని వచ్చింది. అందరినీ తోసుకుంటూ వచ్చి నా పక్కన గొంతుకూచుంది. భుజంలో సూది చూసి, లాగుతున్నావిడ చెయ్యి తీసేసింది. కుట్టులోంచి తప్పించినట్టు, సూదిని కొద్దిగా లోపలికి నొక్కి, పక్కకి తిప్పి, బయటికి తీసింది. తీసిన సూది తన కొంగుకి తుడుచుకుని ఎవరిదో వాళ్ళకి ఇచ్చేసింది.

"ఏ బేల్లో చూశారండి?" అంది.

"ఏడు."

"మరి ఇరవై నాలుగూ అని ఎందుకు రాశారు?"

నోట్లోంచి కారుతున్న రక్తం చేత్తో తుడుచుకున్నాను.

ఆవిడ లేచి గోడౌనులోకి వెళ్ళి, విప్పిన ఏడో బేల్లోంచి అంచు లేసు గుప్పెడు తెచ్చింది. కళ్ళం మధ్యలో నిలబడి ఒక్కొక్కటీ తిరగేసి అందరి చేతుల్లోనూ పెట్టింది.

"కొస వెతకండి," అంది.

నలభై మంది ఆడవాళ్ళూ వెతికారు. నా చెంప మీద కొట్టిన ముసలావిడ ముక్కని కంటికి ఆనించుకుని చూసి, నేల మీద పడేసి, ఉమ్మింది.

"ఇది మనది కాదు," అంది.

"కాదు కదా. మిగతావీ విప్పి చూద్దాం," అని అతుకులావిడ గోడౌను వైపు నడిచింది. ఆవిడ అడుగు గుమ్మం చేరేలోపే బావమరిది లోపలి నుంచి బయటికి వచ్చి షట్టరు కొక్కీ అందుకున్నాడు. లోపల ఇంకా ఏమున్నాయో అతనికే తెలుసు. షట్టరు సగానికి దిగింది. ఆవిడ ఒంగి, దాన్ని ఆపడానికి కుడిచేయి కింద పెట్టింది. అతను చూడలేదని తరవాత చెప్పాడు. చూశాడని నేను అనుకుంటున్నాను. బరువంతా వేసి తొక్కాడు.

ఎండిన కొబ్బరికమ్మ విరిగినట్టు చప్పుడైంది. ఆవిడ అరవలేదు. మోకాళ్ళ మీద కూలబడి, ఇనుము కింద ఇరుక్కున్న తన చేతి వైపు అది ఎవరిదో అన్నట్టు చూసింది.

షట్టరు ఓ పక్కకి ఒరిగి బిగిసిపోయింది. ఎవరో మిల్లు వెనక నుంచి గునపం తెచ్చారు. ఆరుగురు కలిసి మీటితే గాని లేవలేదు. మూడు వేళ్ళు. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలు. ఎముక బయటికి కనపడింది. చుట్టడానికి గుడ్డ కోసం వెతికారు. చేతికి అందింది గంజిపెట్టని తెల్లటి బల్లగుడ్డ. ఆవిడే అతికింది. దాన్నే చుట్టారు.

బావమరిది కాలవ వైపు పరిగెత్తబోయాడు. కళ్ళం దాటలేదు. నలుగురు చొక్కా పట్టుకుని వెనక్కి లాగారు. నలగని ఆ చొక్కా నిలువునా చిరిగింది. కింద పడేసి చెక్కలతో కొట్టారు. ఒక చెక్క విరిగితే ఇంకోటి తెచ్చారు. నన్ను కొట్టినప్పుడు తిట్టారు. అతన్ని కొట్టినప్పుడు ఒక్క మాట లేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. ఇద్దరు చేతులకి గోనెలు చుట్టుకుని పొయ్యి మీంచి గుండిగ ఎత్తారు. నేను కళ్ళు మూసుకున్నాను. గంజి అతని నడుము నుంచి మోకాళ్ళ దాకా పడింది. ఆ కేక కాలవ అవతలి ఒడ్డున పొలంలో పని చేసుకునేవాళ్ళు కూడా విన్నారు.

షావుకారు మెట్టు మీంచి లోపలికి పారిపోబోతే ముసలావిడ అడ్డం నిలబడింది. ఆయన పంచె చివర ఒకరి చేతిలో ఉంది. "అమ్మా, అమ్మా," అంటున్నాడు. ఇంకో నిమిషమైతే ఆయన్నీ పొయ్యి దగ్గరికి ఈడ్చేవాళ్ళు.

"లారీ వెళ్ళిపోద్ది," అంది అతుకులావిడ.

గట్టిగా అనలేదు. గోడకి ఆనుకుని కూచుంది, మొహం బూడిద రంగులో ఉంది. చేతికి చుట్టిన లేసు ఎర్రగా తడిసి కిందికి కారుతోంది.

"ఆయన్ని చంపితే నూలు ఎవరిత్తారే? బేళ్ళు విప్పండి. అయ్యగారూ, మీరిటు రండి. కాయితాలున్నాయా?"

ఉన్నాయి. నేను ఒంటికాలి మీద గెంతుతూ వెళ్ళి ఆవిడ పక్కన కూచున్నాను. ఆస్పత్రికి వెళదామంటే తల అడ్డంగా ఊపింది. ఒకావిడ పరిగెత్తి రిక్షా తెచ్చి బయట నిలబెట్టింది. అది ఖాళీగానే నిలబడింది. బేళ్ళు ఒక్కొక్కటీ మా ముందుకు వచ్చాయి. ఆడవాళ్ళు విప్పుతున్నారు, ఆవిడ ఎడమచేత్తో తిరగేస్తోంది. నాకు కళ్ళజోడు లేదు. ఆవిడ చెప్పింది నేను రాస్తున్నాను. "రెండు, మనదే. మూడు, మనదే." మధ్యలో కళ్ళు మూతలు పడేవి; పక్కనావిడ మొహం మీద నీళ్ళు చల్లేది. పదకొండు దగ్గర ఆగింది. "ఇది దొంగది." పంతొమ్మిది, ఇరవై రెండు కూడా. ఏడుతో కలిపి నాలుగు.

మధ్యలో పోలీసులు వచ్చారు. ఇద్దరు కానిస్టేబుళ్ళు, ఒక ఎస్సై. కళ్ళం అంతా గంజి, రక్తం, విరిగిన చెక్కలు. బావమరిదిని చాప మీద పడుకోబెట్టి ఉంచారు, అరటాకులు కప్పారు.

"ఏం జరిగిందండీ?" అని ఎస్సై నన్ను అడిగాడు.

ఆడవాళ్ళందరూ నా వైపు చూశారు. ముసలావిడ చూడలేదు, బేలు తాడు విప్పుతూనే ఉంది.

"జారిపడ్డాను," అన్నాను.

"ఈయనో?"

"గుండిగ తిరగబడిందండి," అని ఏడెనిమిది గొంతులు ఒకేసారి అన్నాయి. చాప మీదున్నవాడు తల ఊపాడు. కాదంటే ఆ నాలుగు బేళ్ళ గురించి చెప్పాలి. షావుకారు కూడా తల ఊపాడు. ఎస్సై ఆవిడ చేతికేసి చూసి, షట్టరుకేసి చూసి, పుస్తకం మూసేశాడు. అతన్ని మాత్రం జీపులో ఎక్కించుకుని వెళ్ళారు.

మొదటి నివేదిక చింపేశాను. ఇరవై బేళ్ళకి నంబర్ల వారీగా కాయితం రాశాను. సంతకం పెట్టేటప్పుడు నా పెదవి మీంచి రక్తపుచుక్క సీలు మీద పడింది. అలాంటి కాయితం అవతలి రేవులో చెల్లదు. మళ్ళీ మొత్తం రాయాల్సి వచ్చింది. ఆ పావుగంట ఆవిడ అక్కడే కూచుంది. లారీ కదిలిన చప్పుడు విన్నాకే రిక్షా ఎక్కింది.

వేళ్ళు రెండు నిలిచాయి, వంగవు. చూపుడువేలు తీసేశారు. చేతికి చుట్టిన బల్లగుడ్డని ఆస్పత్రిలో కత్తిరించి పారేశారు.

నూలు ఆ వారంలోనే పల్లెలకి వెళ్ళింది. ఓడ అందిందని, సుంకం పడలేదని షావుకారు నాకు ఫోను చేసి చెప్పాడు, ఏమీ జరగనట్టు. బావమరిది బతికాడు. కొన్నాళ్ళ తరవాత పాలకొల్లు బస్టాండు దగ్గర ఫోను బూత్ పెట్టుకున్నాడని విన్నాను. నేను మాత్రం వెనక సరుకుల సంగతి పై అధికారికి రాయలేదు. రాస్తే నా సంతకాలన్నీ బయటికి వస్తాయి, నూలూ ఆగుతుంది. ఈ రెంటిలో దేనికి ఎక్కువ భయపడ్డానో నాకు తెలుసు.

మూడు నెలల తరవాత మళ్ళీ అదే గోడౌనుకి తనిఖీకి వెళ్ళాను. వెళ్ళకుండా బదిలీ అడుగుదామా అనుకున్నాను, అడగలేదు. షట్టరు బాగు చేయించారు. కళ్ళం కడిగేశారు. ఆడవాళ్ళు అప్పటిలాగే కూచుని ఉన్నారు. నన్ను చూసి ఎవరూ బీదరికం మాట ఎత్తలేదు. సూది గుచ్చినావిడ అనుకుంటాను, స్టూలు తెచ్చి వేసి వెళ్ళిపోయింది. ముసలావిడ చెంబుతో మజ్జిగ ఇచ్చింది, మొహం పక్కకి తిప్పుకుని.

అతుకులావిడ గుమ్మం దగ్గర కూచుంది. అతుకుపని ఇప్పుడు ఆవిడ చెల్లెలు చేస్తోంది. ఈవిడకి సరుకు తిరగేసి చూసే పని ఇచ్చారు. కుడిచేయి ఒళ్ళో ఉంది, కొంగు కప్పి. జీవితంలో మొదటిసారి ఆవిడ చేతిలో సూది లేకుండా చూశాను.

నేను ఆ రోజు మూడు బేళ్ళతో ఆపలేదు. ఈసారి సరుకు పద్దెనిమిది బేళ్ళు, అన్నీ విప్పించాను. ఒక్కొక్కటీ తిరగేసి, ఒక్కొక్క నంబరూ విడిగా రాశాను. ఆవిడ నా కలం వంకే చూస్తూ కూచుంది. అయిదు రాశాను. ఆరు రాశాను.

"ఇప్పుడు రాత్తున్నారాండీ, నంబర్లు," అంది.

కలం ఆగింది.

"రాయండి," అంది. "ఏడు. మనదే."

ఏడు అని రాశాను.